నూట అరవైకి నూట ఇరవై ఏడు

గవర్నర్‌పేటలో వీడియో మిక్సింగ్ వాళ్ళంతా ఉండే మేడ ఎక్కి పోతురాజు గారెక్కడ అని అడిగితే, "ఎవరూ, అనుమానాల ఇన్‌స్పెక్టర్ గారా?" అని ఎదురడిగేవాళ్ళు. తనకు ఆ పేరు ఉందని పోతురాజుకూ తెలుసు. కోపం తెచ్చుకునేవాడు కాదు. తూనికలు కొలతల శాఖలో ముప్పై అయిదేళ్ళు పనిచేసినవాడికి అది బిరుదులాంటిదేనని ఆయన ఉద్దేశం.

ఆయనది బందరు దగ్గర గిలకలదిండి. తండ్రి వేటకు సముద్రం మీదికి పోయేవాడు. తల్లి కొండలమ్మ చేపలు ఎండబెట్టి, గంపకెత్తుకుని, బందరులో ఒక షావుకారుకు వేసేది. పోతురాజు ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి తల్లి వెంట వెళ్ళాడు. ఇంటి దగ్గర తూచుకుని తెచ్చిన సరుకు షావుకారు కాటాలో బాగా తక్కువ తూగింది. ఇదేమిటని కొండలమ్మ అడిగితే ఆయన తలెత్తకుండానే, "ఎండు సరుకమ్మా, తరుగు పోద్ది" అన్నాడు. గిలకలదిండి నుంచి బందరు వచ్చేలోపల అంత తరుగు ఎలా పోతుందో పిల్లవాడికి అర్థం కాలేదు. షావుకారు అటు తిరిగినప్పుడు రాళ్ళు వేసే పళ్ళెం పైకెత్తి చూశాడు. అడుగున చింతపండు ముద్ద అంటించి ఉంది. అది తల్లికి చూపించబోతే ఆవిడ వాడి నోరు మూసి బయటికి లాక్కొచ్చేసింది. పై వారం కూడా సరుకు ఆ షావుకారుకే వేయాలి మరి.

చదువు పూర్తయ్యాక పోతురాజు తూనికలు కొలతల శాఖలోనే చేరాడు. మొదట తనిఖీలకు వెళ్ళే అధికారి వెనక తూకపు రాళ్ళ పెట్టె మోశాడు. పరీక్షలు రాసి, మెట్టు మెట్టుగా ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. కిరాణా కొట్లు, పెట్రోలు బంకులు, ఆటో మీటర్లు, అన్నీ చూశాడు. ఏ కొట్టుకు వెళ్ళినా ముందు పళ్ళెం కింద చెయ్యి పెట్టి తడిమేవాడు. నమస్కారం ఆ తర్వాతే. ఇంట్లోనూ అంతే. ప్రభుత్వ ముద్ర ఉన్న లీటరు కొలతతో పాలు పోయించుకునేవాడు. గ్యాసు బండ వస్తే కొక్కేనికి వేలాడదీసి తూచేవాడు. "బండ తెచ్చే అతను మన సందులోకి రావాలంటేనే జంకుతున్నాడు. మీ ఉద్యోగం ఇంట్లో కూడా చెయ్యాలా?" అని భార్య నాంచారమ్మ విసుక్కునేది.

2001లో రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చుంటే నాంచారమ్మకు తలనొప్పి అని, కూతురు పద్మశ్రీ స్టూడియోకు రమ్మంది. అల్లుడు చిట్టిబాబు పెళ్ళిళ్ళకు వీడియో తీసేవాడు. అతను తెచ్చిన క్యాసెట్లను పద్మశ్రీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, పాటలూ పేర్లూ కలిపి మిక్సింగ్ చేసేది. ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడటం పోతురాజు పని అయింది.

చేరిన నెలలోనే పద్మశ్రీ కొత్త హార్డ్ డిస్కు కొన్నది. డబ్బా మీద నలభై జీబీ అని అచ్చువేసి ఉంది. బిగించి చూస్తే తెర మీద ముప్పై ఏడు పాయింట్ రెండు అని కనబడింది. కూతురు పట్టించుకోలేదు. వెనక నిలబడ్డ తండ్రి కళ్ళు మాత్రం ఆ అంకె మీదే ఉండిపోయాయి.

"మిగతాది ఏదమ్మా?"

"అంతే వస్తాయి నాన్నా. అందరికీ అంతే."

అందరికీ అంతే అనే మాట ఆయన సర్వీసంతా విన్నాడు. డబ్బా చేతిలో పట్టుకుని మెట్లు దిగాడు.

డిస్కు అమ్మింది మార్త. ఏలూరు రోడ్డు పక్క సందులో ఆమెకు చిన్న కొట్టు ఉంది. గుణదల మనిషి. కొన్నాళ్ళు ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పి, తర్వాత సొంతంగా కంప్యూటర్లు బిగించి అమ్మడం మొదలుపెట్టింది. పోతురాజు డబ్బాను ఆమె బల్ల మీద పెట్టాడు.

"దీని మీద నలభై అని ఉంది. లోపల ముప్పై ఏడే ఉంది. ఎందుకని?"

మార్త నవ్వింది. "అన్నిటికీ అంతే సార్. ఫార్మాట్ చేసేటప్పుడు కొంచెం తరుగు పోయిద్ది."

ఇంకేం చెప్పినా ఆయన వినేవాడేమో. తరుగు అన్న తర్వాత ఇక వినలేదు. ఆ సాయంత్రానికల్లా మేడ మీది స్టూడియోలన్నిటికీ వెళ్ళి, మార్త కొట్లో సరుకు కొలత తక్కువని చెప్పి వచ్చాడు. ఇన్‌స్పెక్టర్‌గా చేసినాయన చెబుతున్నాడు కాబట్టి అందరూ నమ్మారు. పటమటలో ఒక స్కూలువాళ్ళు మార్తకు కంప్యూటర్ల ఆర్డరు ఇవ్వబోతూ, ఆ మాట చెవిన పడి వేరే కొట్టుకు వెళ్ళిపోయారు.

పోతురాజు అంతటితో ఊరుకునే మనిషి కాదు. దొంగ కాటా పట్టుకుంటే ఎంత దొంగతనమో తేల్చాలి. ఇంకా ఎవరెవరి దగ్గర ఏ డిస్కులున్నాయో అడిగి, డబ్బా మీది అంకె ఒకవైపు, తెర మీది అంకె ఒకవైపు రాసుకున్నాడు. ఇరవై అన్నది పద్దెనిమిదిన్నర చిల్లర చూపిస్తోంది. వేరే కొట్లో కొన్నదీ అంతే, మద్రాసు నుంచి తెప్పించుకున్నదీ అంతే. అన్నిటికీ ఒకటే దామాషా. ఇక్కడ ఆయనకు కొత్త అనుమానం పుట్టింది. చింతపండు ముద్ద ఒక్కో కాటాకు ఒక్కోలా ఉంటుంది. దేశమంతా ఒకే బరువు ముద్ద ఎవరు అంటిస్తారు?

ఆయన ఉద్యోగంలో చేరే నాటికి వీశెలు పోయి కిలోలు వచ్చి ఎంతో కాలం కాలేదు. కొన్ని సంతల్లో వర్తకులు ఒక లెక్కలో కొని ఇంకో లెక్కలో అమ్మడం కళ్ళారా చూశాడు. ఇదీ అలాంటిదేనేమోనని కూతుర్ని అడిగాడు. "మిషన్‌కి వెయ్యి అంటే వెయ్యేనా?"

"కాదు నాన్నా. వెయ్యీ ఇరవై నాలుగు."

డిస్కులో మొత్తం ఎన్ని బైట్లున్నాయో విడిగా చూపించమన్నాడు. నాలుగు వేల కోట్ల పైచిలుకు ఉన్నాయి. డబ్బా మీద కంపెనీవాడు వెయ్యి లెక్కన చెప్పిన నలభై ఉన్నట్టే. దాన్ని వెయ్యీ ఇరవై నాలుగుతో మూడుసార్లు భాగించాడు. ముప్పై ఏడుంబావు వచ్చింది. సరుకు పూర్తిగా ఉంది. రాళ్ళే రెండు రకాలు.

మర్నాడు మార్త కొట్టుకు వెళ్ళి చెప్పాడు. "నువ్వు దొంగవి కాదమ్మా. అబద్ధం మాత్రం చెప్పావు. ఫార్మాటులో తరుగేమీ పోలేదు."

"నాకు నేర్పినోళ్ళు అట్టాగే చెప్పారు సార్."

"తెలియకపోతే తెలియదని చెప్పాలి. తెలియనిదానికి తరుగని పేరు పెట్టకూడదు."

మార్త తల ఊపింది. "మరి ఆ స్కూలువాళ్ళకి ఎవరు చెప్తారు సార్?" అంది.

పోతురాజు, "చూద్దాంలే" అన్నాడు. పటమట వెళ్ళడానికి ఆ వారం కుదరలేదు. తర్వాత ఆయన వెళ్ళనూ లేదు.

మూడేళ్ళు గడిచాయి. స్టూడియో పని పెరిగింది. 2004 జనవరిలో మాఘమాసం ముహూర్తాలకు మూడు పెళ్ళిళ్ళు వరసగా ఒప్పుకున్నారు. పెళ్ళి వీడియో గంటసేపు ఎక్కించాలంటే పదమూడు జీబీ పడుతుంది. అందుకని పద్మశ్రీ నూట అరవై జీబీ డిస్కు తెప్పించింది. మళ్ళీ మార్త దగ్గరే. పోతురాజు కాగితం మీద లెక్క ముందే వేసి పెట్టుకున్నాడు. నూట అరవైకి నూట నలభై తొమ్మిది రావాలి. బిగించి చూస్తే తెర మీద నూట ఇరవై ఏడు ఉంది.

లెక్క మళ్ళీ వేశాడు. నూట నలభై తొమ్మిదే వచ్చింది. ఇరవై రెండు జీబీ లేదు. తన సూత్రానికి లొంగని తక్కువ ఇది. అంటే ఈసారి నిజంగానే ఎక్కడో చెయ్యి పడింది.

కొట్లో మార్త ఆ అంకె విని నొసలు చిట్లించింది. తన మిషన్‌లో పెట్టి చూసింది. అక్కడా నూట ఇరవై ఏడే.

"ఇదేంటో నాకు తెలియదు సార్" అంది చివరికి. "ఇంత పెద్దవి అమ్మటం ఇదే మొదలు. కనుక్కుని చెప్తాను. అప్పటిదాకా నూట ఇరవై ఏడే వాడుకోండి."

తెలియకపోతే తెలియదని చెప్పమన్నది తనే. ఆ సంగతి పోతురాజుకు గుర్తొచ్చింది. గుర్తొచ్చి అనుమానం ఇంకా పెరిగింది. నేను నేర్పిన మాట నాకే అప్పజెబుతోంది, లెక్క అడక్కుండా నోరు మూయించడానికి ఇదొక దారి పట్టింది అనుకున్నాడు. పాతది అంటగట్టిందా? బాగాలేనిదాన్ని స్టిక్కరు మార్చి ఇచ్చిందా? డిస్కు అంచుల్ని భూతద్దంతో చూశాడు. స్టిక్కరు ఒక మూల కొద్దిగా లేచి ఉంది. అది చాలు ఆయనకు.

స్టూడియో ఉన్న మేడ కింద హేమసుందర్ కొట్టు ఉండేది. టీవీలు బాగుచేస్తూ కంప్యూటర్లలోకి వచ్చిన నలభై ఏళ్ళ మనిషి. సంగతి విని, "నాకివ్వండి, రేపటికల్లా చూస్తాను" అన్నాడు. మర్నాడు డిస్కు తెచ్చి బిగించాడు. తెర మీద నూట నలభై తొమ్మిది కనబడింది.

"ఏం చేశారండీ?"

"ఏముందండీ, నా కొత్త మిషన్‌లో పెట్టి మళ్ళీ ఫార్మాట్ కొట్టాను. చెయ్యాల్సినోడు చేస్తే పూర్తిగా వచ్చిద్ది."

పోతురాజు ఆ అంకెను కాగితం మీది అంకెతో పోల్చుకున్నాడు. సరిగ్గా సరిపోయింది. కాటా ముల్లు నడిమధ్యన నిలిచినప్పటి తృప్తి కలిగింది. హేమసుందర్‌ను ఇంకే ప్రశ్నా అడగలేదు. నేరుగా మార్త కొట్టుకు నడిచాడు. లోపల నలుగురు కొనేవాళ్ళున్నారు.

"కింద కొట్టాయన పెడితే నూట నలభై తొమ్మిది. నువ్వు పెడితే నూట ఇరవై ఏడు. ఆ ఇరవై రెండు ఏ పళ్ళెం కింద దాచావమ్మా?"

నలుగురూ తిరిగి చూశారు. మార్త గొంతు పెంచలేదు.

"ఆయన ఏ మిషన్‌లో పెట్టారు సార్? దాంట్లో ఏ విండోస్ ఉంది?"

"అది నీకెందుకు?"

"అది తెలిస్తేనే కదండీ. మీ మిషన్ చూడలేనిదాన్ని ఆయన మిషన్ ఎట్టా చూసిందో తెలుసుకోవాలి. అప్పటిదాకా దాన్ని నింపకండి సార్, మీకు దణ్ణం పెడతాను."

నింపవద్దంటే అక్కడేదో బయటపడుతుందని భయపడుతోందనుకున్నాడు పోతురాజు.

నాలుగు రోజుల తర్వాత మార్త స్వయంగా మేడెక్కి వచ్చింది. పద్మశ్రీ లోపల హెడ్‌ఫోన్ పెట్టుకుని పనిలో ఉంది. "అమ్మాయి పనిలో ఉంది, ఏం కావాలి?" అని పోతురాజు బల్ల దగ్గరే ఆపాడు. మార్త మడత పెట్టిన కాగితాలు తీసి, "ఇవి పద్మశ్రీ గారికివ్వండి. ఇవ్వాళే చూడమనండి" అంది. "ఇస్తాలే" అన్నాడు. ఆమె మెట్లు దిగిన చప్పుడు వినబడే వరకు ఆగి, కాగితాలు సొరుగులో రశీదు పుస్తకాల కిందికి తోశాడు. కాగితం ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. దొరికిపోయినవాళ్ళు ఎన్ని కాగితాలు తెస్తారో ఆయనకు కొత్త కాదు. పద్మశ్రీకి ఇస్తే దాని మనసు మెత్తబడుతుంది. ఇవ్వకపోవడమే మేలు అని తనకు తాను చెప్పుకున్నాడు.

పద్మశ్రీ మూడు పెళ్ళిళ్ళనూ ఒకదాని తర్వాత ఒకటి డిస్కులోకి ఎక్కించసాగింది. మొదటిది మైలవరంలో మామిడి తోటల రైతు హనుమయ్య కూతురు రుచిత పెళ్ళి. ఎక్కించడం అయిపోయిన క్యాసెట్లనే చిట్టిబాబు తర్వాతి పెళ్ళికి వాడేవాడు. అందరూ అలాగే చేసేవాళ్ళు.

ఫిబ్రవరి పదో తేదీ పొద్దున మూడో పెళ్ళి ఎక్కుతుండగా కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఆపి మళ్ళీ వేస్తే, ఈ డిస్కు ఫార్మాట్ కాలేదు, ఇప్పుడు చేయమంటావా అని తెర మీద అడిగింది. పద్మశ్రీ వెంటనే హేమసుందర్‌ను పిలిపించింది. అతను అటూ ఇటూ తిప్పి చూసి, "కరెంటు దెబ్బయ్యుంటది. ఫార్మాట్ కొట్టెయ్యండమ్మా, డిస్కు బాగుపడిద్ది" అన్నాడు.

"లోపలున్న పెళ్ళిళ్ళో?"

"అయ్యి పోయినట్టేనమ్మా."

పద్మశ్రీ చెయ్యి మౌసు మీద ఉంది. పోతురాజు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నింపకండి సార్ అని మార్త అన్న మాట అప్పుడు తగిలింది ఆయనకు. "ఆగమ్మా, దేన్నీ నొక్కకు" అని ముందు గదిలోకి వచ్చి సొరుగు లాగాడు. కాగితాల్లో ఇంగ్లీషులో చాలా ఉంది. చివర మార్త తెలుగులో రాసింది: "పద్మశ్రీ గారూ, మీ విండోస్ నూట ఇరవై ఎనిమిది దాకానే డిస్కును సరిగ్గా చూడగలదు. వేరే మిషన్‌లో చేసి తెస్తే పూర్తిగా ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, ఆ గీత దాటి నింపితే మొదట రాసింది చెరిగిపోతుంది. దయచేసి ఆపండి. నేను వచ్చి విండోస్‌ను సరిచేసే సర్వీస్ ప్యాక్ వేస్తాను."

పద్మశ్రీ అది రెండుసార్లు చదివింది. "ఎప్పుడిచ్చింది నాన్నా ఇది?"

"రెండు వారాలైంది."

పద్మశ్రీ కాగితం మడిచి కీబోర్డు పక్కన పెట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది పోతురాజుకు.

మార్త కొట్టు మూసి ఉంది. గుణదల మేరీమాత తిరునాళ్ళు, మూడు రోజులు తెరవరని పక్క కొట్టాయన చెప్పాడు. పోతురాజు ఆటో ఎక్కాడు. జనం వల్ల ఆటో గుణదలకు ఇవతలే, పడవల రేవు సెంటరు దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి జనంలో పడి నడిచాడు. కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, గుండు చేయించుకున్న పిల్లలు, మైకులో తప్పిపోయినవాళ్ళ పేర్లు. అరవై ఏళ్ళ మనిషి, చొక్కా తడిసిపోయింది. కొండ కింద మంచినీళ్ళ పందిట్లో సేవకురాళ్ళు గ్లాసులు అందిస్తున్నారు. వాళ్ళలో మార్త కనబడింది, మెడలో పసుపు రిబ్బను బ్యాడ్జీతో.

ఆయనను చూడగానే ఆమె ముందు ఒక గ్లాసు నీళ్ళు ఇచ్చింది. తాగకుండానే చెప్పాడు. "డిస్కు పోయిందమ్మా. నీ కాగితం నేను అమ్మాయికి ఇవ్వలేదు."

మార్త చేతిలో గ్లాసుల పళ్ళెం కింద పెట్టింది. "మిషన్ ఆపారా?"

"లేదు. అలాగే ఉంది."

"ముందు ఫోన్ చేసి ఆపమనండి. దాంట్లో ఇంకొక్క ముక్క కూడా రాయకూడదు. ఫార్మాట్ కొట్టలేదు కదా?"

"కొట్టబోతుంటే ఆపాను."

"అదొక్కటీ మంచి పని చేశారు" అంది మార్త. ఆ మాటలో మెచ్చుకోలు లేదు. "పందిట్లో నా వంతు రెండింటిదాకా ఉంది. అయ్యాక వస్తాను."

అన్నట్టే వచ్చింది. డిస్కు ఊడదీసుకుని తన కొట్టు తెరిచి, సర్వీస్ ప్యాక్ వేసిన కొత్త మిషన్‌కు తగిలించి, పోయిన ఫైళ్ళు వెతికే ప్రోగ్రాము నడిపింది. తిరునాళ్ళలో మిగిలిన రోజంతా, ఆ పైరోజూ అక్కడే కూర్చుంది. పోతురాజు కూడా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. వెళ్ళమని ఆమె అనలేదు, ఉండమనీ అనలేదు.

"అసలు ఎలా చెరిగిందమ్మా?" అని రెండో రోజు అడిగాడు.

"మీరు ఆటో మీటర్లు చూశారు కదండీ. తిరిగిన దూరం చూపించే గళ్ళు అయిదే ఉన్నాయనుకోండి. అన్నీ తొమ్మిదులయ్యాక ఏమవుద్ది?"

"మళ్ళీ సున్నాల దగ్గరికి వస్తుంది."

"ఇదీ అంతేనండీ. డిస్కులో ఎక్కడ రాయాలో చెప్పే నంబరుకి ఆ పాత విండోస్‌లో ఇరవై ఎనిమిది గళ్ళే ఉన్నాయి. అవి నిండాక సున్నాకొచ్చింది. మూడో పెళ్ళి తీసుకెళ్ళి మొదటి పెళ్ళి మీద రాసింది. హేమసుందర్ గారి మిషన్‌కి ఎక్కువ గళ్ళున్నాయి, అందుకని ఆయనకి పూర్తిగా కనపడింది. ఆయన మోసమేం చెయ్యలేదు. ఆయనకీ తెలియదు."

పోతురాజు ముప్పై అయిదేళ్ళూ తక్కువ తూగిన కాటానే పట్టుకున్నాడు. నిండుగా తూగిన కాటా కింద ఏనాడూ చెయ్యి పెట్టి చూడలేదు.

మూడు పెళ్ళిళ్ళూ దాదాపు తిరిగి వచ్చాయి. దొరకనిది మైలవరం పెళ్ళి మొదటి పదమూడు నిమిషాలు. రుచితను మేనమామ బుట్టలో కూర్చోబెట్టి మంటపానికి మోసుకొచ్చిన ఘట్టం. కాలు విరిగి కట్టు విప్పించుకున్న నాలుగో రోజు ఆ మేనమామ ఎవరు వద్దన్నా వినకుండా మోశాడట. క్యాసెట్ మీద అప్పటికే ఇంకో పెళ్ళి ఉంది.

చిట్టిబాబు తను వెళ్ళి చెబుతానన్నాడు. పోతురాజు ఒప్పుకోలేదు. మైలవరం బస్సు ఎక్కి తనే వెళ్ళాడు. హనుమయ్య అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. పోతురాజు ఏదీ దాచకుండా చెప్పాడు. కాగితం సొరుగులో పెట్టిన సంగతీ చెప్పాడు.

హనుమయ్య అంతా విని, "డిస్కు నిండితే పెళ్ళి చెరిగిపోద్దా?" అన్నాడు.

"చెరిగిందండీ. తప్పు నాది."

"నేను పల్లెటూరోణ్ణే గానీ, ఒకటి అడుగుతానండీ. మొత్తం పోయిందంటే నమ్ముదును. సరిగ్గా మా బావమరిది వచ్చిన ముక్కే పోయిందంటే ఎట్టా నమ్మమంటారు? మగపెళ్ళివారికీ అతనికీ పందిట్లోనే మాటామాటా వచ్చింది. ఆ ముక్క తీసెయ్యమని మా అల్లుడు చక్రి తరఫునోళ్ళు ఎవరన్నా మీకు చెప్పారా?"

"అయ్యో, లేదండీ." పోతురాజు సంచిలో నుంచి మార్త ఇచ్చిన కాగితాలు తీశాడు. "ఇదిగోండి, ఇందులో మొత్తం రాసి ఉంది."

హనుమయ్య వాటిని చేత్తో తాకను కూడా తాకలేదు. "కాగితం ఎవరైనా అచ్చేయించుకోవచ్చండీ."

 హనుమయ్య కళ్ళలోని చూపు పోతురాజుకు బాగా తెలిసిన చూపే. ఎదుటి మనిషి ఏం చెప్పినా దాని అడుగున ఇంకేదో వెతికే చూపు. ఎదురుగా కూర్చుని దాన్ని భరించడం మాత్రం ఇదే మొదలు. తను మార్తను నలుగురిలో అడిగినప్పుడు ఆమె మెత్తగా ఎలా మాట్లాడగలిగిందో ఆయనకు అర్థం కాలేదు. 

హనుమయ్య మిగిలిన పెళ్ళి సీడీలు తీసుకున్నాడు. నమ్మానని అనలేదు. తర్వాత ఏడాది చిన్న కూతురి పెళ్ళికి వేరే స్టూడియోను పెట్టుకున్నాడు.

మైలవరం నుంచి వచ్చిన మర్నాడు పోతురాజు పటమట వెళ్ళాడు, మూడేళ్ళ కిందట వెళ్ళాల్సిన స్కూలుకు. అప్పటి కరస్పాండెంట్ మారిపోయాడు. కొత్తాయనకు ఆ ఆర్డరు సంగతే తెలియదు. అంతా వినిపించుకుని, "మంచిదండీ, ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు. చెప్పాల్సిన మనిషి అక్కడ లేడు. పోతురాజు లేచి వచ్చేశాడు.

అక్కడి నుంచి మార్త కొట్టుకు వెళ్ళాడు. ఒకే ఒక కొనేవాడున్నాడు. "ఈమె సరుకు కొలత తక్కువని నేనన్నది తప్పు. ఈమె చెప్పిందే నిజం" అన్నాడు అతనితో. అతను తెల్లబోయి మార్త వైపు చూశాడు.

మార్త స్క్రూలు ఏరుకుంటూనే అంది. "ఆ రోజు నలుగురున్నారు సార్."

పోతురాజు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇంకో ముగ్గురు వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. వచ్చినవాళ్ళకు వచ్చినట్టు చెప్పాడు. మేడ మీది స్టూడియోలకూ వెళ్ళి చెప్పాడు. కొందరు సరేనన్నారు. ఒకాయన నవ్వి, "మార్తమ్మ మిమ్మల్ని బాగానే మంచి చేసుకుందండీ" అన్నాడు. పోతురాజు పక్క స్టూడియో తలుపు తట్టాడు.

పద్మశ్రీ నెల రోజులు తండ్రితో పొడిపొడిగానే మాట్లాడింది. తర్వాత నెమ్మదిగా మామూలైంది. సొరుగు మాత్రం తన వైపుకు మార్చుకుంది. మార్త స్టూడియోకు రావడం పోవడం మొదలైంది. వచ్చినప్పుడు పోతురాజును "బాగున్నారా సార్" అని పలకరించేది. అంతకు మించి చనువు ఇవ్వలేదు. ఆయనా ఆశించలేదు.

ఆయన అనుమానం పోయిందని ఎవరైనా అంటే నాంచారమ్మే ఒప్పుకోదు. పాల కొలత అలాగే ఉంది. కాకపోతే ఇప్పుడు ఎక్కువ పోసినా ఆపి అడిగేవాడు, ఎందుకు ఎక్కువ పోశావని.

2007లో ఊరంతా పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి. హేమసుందర్ ఎక్కడి నుంచో ఒక అట్టపెట్టె నిండా తెప్పించాడు. ఒక్కోటీ పదహారు జీబీ. పెట్టి చూస్తే తెర మీద లెక్క ప్రకారం ఎంత ఉండాలో అంతా ఉంది. అందరూ ఎగబడ్డారు. అతను పెట్టెతో మార్త కొట్టుకు వెళ్ళి, నువ్వూ అమ్మిపెట్టమని అడిగాడు. ఆమె ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీన్ని ఒకసారి పోతురాజు గారికివ్వండి. ఆయన చూశాక తీసుకుంటాను."

పోతురాజు దాన్ని రెండు రోజులు ఉంచుకున్నాడు. కనబడ్డ అంకెను నమ్మలేదు. పెళ్ళి వీడియోలు తెచ్చి అంచుల దాకా నింపాడు. నిండిందనే చూపించింది. అప్పుడు ఒక్కొక్క ఫైలూ తెరిచి మొదటి నుంచి చివరిదాకా చూశాడు. చాలావాటిలో బొమ్మ చెడిపోయి గళ్ళు గళ్ళుగా ఉంది. లోపలున్న చోటు రెండు జీబీయే. ఈసారి నిజంగానే ఎవరో, ఎక్కడో, లేని చోటు ఉన్నట్టు చూపించేలా చేసి పంపారు.

హేమసుందర్ నెత్తి పట్టుకున్నాడు. "నేనూ మోసపోయానండీ. నన్ను నమ్మండి."

పోతురాజు పెన్‌డ్రైవ్‌ను అతని చేతిలో పెట్టాడు. "ముందు అమ్మినవన్నీ వెనక్కి తెప్పించండి. మీ వెంట నేనూ వస్తాను" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.